సంస్థవారి నాలుగు పళ్లు

మజ్జి గవరయ్య నోట్లో పై వరుస ముందరి పళ్లు నాలుగూ సంస్థ ఆస్తి కావడానికి కారకుణ్ణి నేనే. ఇప్పుడు డిపోలో టీ కుర్రాడి దగ్గర్నుంచి అందరూ నన్ను తిట్టేవాళ్లే గానీ, ఆ రోజున మాత్రం మా డిపో మేనేజరు వల్లీశ్వరరావుగారు కుర్చీలోంచి లేచి మరీ నాతో చెయ్యి కలిపారు. ముప్ఫై ఏళ్లుగా ఈ బస్సు డిపోలో గుమాస్తాగా ఉన్నాను. ఆయన ఎవరికోసమూ లేవడం నేను చూడలేదు, టీ చల్లారిపోతున్నప్పుడు తప్ప.

గవరయ్య మా బస్టాండులో మైకు దగ్గర కూర్చునే అనౌన్సరు. ఇంట్లోనూ వీధిలోనూ ‘ఏటి బావూ, ఎలాగున్నారు’ అనే మనిషి, మైకు మీట నొక్కగానే మారిపోయేవాడు. “ప్రయాణికులకు విజ్ఞప్తి. రాజాం, చీపురుపల్లి మీదుగా విజయనగరం వెళ్లు బస్సు నాలుగవ ప్లాట్‌ఫారం పైకి వచ్చి ఉన్నది” అని ఇరవయ్యారేళ్ల పాటు అతను చెబితేనే మా ఊరు బస్సెక్కింది. బస్సు బయల్దేరిపోయిందని చెప్పేటప్పుడు కూడా అవతలివాడికి కోపం రాకుండా చెప్పేవాడు. అది అందరికీ వచ్చే విద్య కాదు.

అతని గదిలో నెత్తి మీదుగా ఒక ఇనప లౌడ్‌స్పీకరు తీగతో వేలాడుతూ ఉండేది. తీగ తెగేలా ఉందని గవరయ్య పదకొండు ఉత్తరాలు రాశాడు. ఆ పదకొండూ ఈనాటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. పన్నెండో ఉత్తరం రాయడానికి అతను తల పైకెత్తి తీగ వంక చూస్తుండగా అది తెగింది. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. సంస్థలో రాయి దొరకదు కాబట్టి లౌడ్‌స్పీకరే ఆ పని చేసింది.

పెదవికి కుట్లు పడ్డాయి, మానాయి. పోయిన నాలుగు పళ్లు మాత్రం తిరిగి రాలేదు. గవరయ్య మైకు ముందు కూర్చుంటే సగం మాట గాలిగా పోయేది. మూడు రోజులు చూసి ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. నాలుగో రోజున ఒక కండక్టర్ని తెచ్చి మైకు దగ్గర కూర్చోబెట్టారు. గవరయ్య ఆ గది బయట బల్ల మీద కూర్చుని, కండక్టరు తప్పు చెప్పినప్పుడల్లా తొడ మీద చరుచుకునేవాడు.

“మైకు నేకపోతే నానెవుణ్ణి బావూ?” అన్నాడు ఒకనాడు నా బల్ల దగ్గరికొచ్చి. “పెద్దాసుపత్రోలు పనికిరానని రాసీసినారంటే ఇంటికి పంపించీస్తారు. ఎలాగైనా నా పళ్లు నాకు ఎట్టించండి.”

దరఖాస్తు పెట్టించాను. వైద్య విభాగం నుంచి జవాబు వచ్చింది. నిబంధనల ప్రకారం దవడ పళ్లు ఆహారానికి సంబంధించినవి, ముందరి పళ్లు అందానికి సంబంధించినవి. సౌందర్య చికిత్సలను సంస్థ ప్రోత్సహించదు. అయితే ఉద్యోగి పళ్లన్నీ పోయినట్లయితే పూర్తి సెట్టు మంజూరు చేయుటకు అభ్యంతరం లేదు.

వల్లీశ్వరరావుగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, “మిగతావెన్ని ఉన్నాయి?” అన్నారు.

“ఇరవైనాలుగండి.”

“అవి కూడా తీయించుకుంటే రూల్ పొజిషన్ క్లియర్‌గా ఉంటుంది. అడిగి చూడండి.”

నేను అడగలేదు. నాకూ మనసుంది. పైగా నాకు ఆ రాత్రి తెలివి కూడా వచ్చింది. మా నిబంధనల పుస్తకంలో పద్నాలుగో పేరా ఒకటుంది. ప్రకటన పరికరాలలో ఏ భాగమైనా విధి నిర్వహణలో విరిగిపోతే, పైవారి అనుమతి లేకుండానే డిపో మేనేజరు కొత్తది వేయించవచ్చు. మర్నాడు పొద్దున్నే నోటు రాశాను. “ప్రకటన ధ్వని మైకులో ప్రారంభం కాదు. మైకుకు అంగుళమున్నర ముందు, అనౌన్సరు పై వరుస పళ్ల వద్ద ప్రారంభమగును. కావున సదరు పళ్లు ప్రకటన పరికరాలలో భాగమని భావింపవచ్చును.” మేనేజరుగారు లేచి చెయ్యి కలిపింది ఇక్కడే.

పళ్ల డాక్టరు షమీమ్‌గారు మా ఊళ్లోనే ఉంటారు. ఆవిడ గవరయ్య నోరు చూసి, తీసి పెట్టుకునే పళ్లు వద్దన్నారు. రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడే మనిషికి అవి కదిలిపోతాయిట. “నాలుగు పళ్లకి నాలుగు మేకులు అక్కర్లేదు. అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, ఎముకలో రెండు స్క్రూలు బిగిస్తాను. ఎముక వాటిని పట్టుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది. తర్వాత నాలుగు తొడుగులూ ఒకే ముక్కగా కలిపేసి పైన కూర్చోబెడతాను” అన్నారు.

నాలుగు నెలలూ గవరయ్య ఆ బల్ల మీదే గడిపాడు. అయిదో నెలలో పళ్లు పెట్టారు. మొదటిరోజు అతను మీట నొక్కి “ప్రయాణికులకు విజ్ఞప్తి” అనగానే ప్లాట్‌ఫారాల మీద జనం చప్పట్లు కొట్టారు. అరటిపళ్ల బండివాడు గెల నుంచి ఒక అత్తం కోసి గదిలోకి పంపాడు. నాకు కళ్లు చెమర్చాయి. కథ ఇక్కడ ఆగిపోతే నేను గొప్పవాణ్ణయి ఉండేవాణ్ణి.

కానీ పరికరం కొన్నాక దాన్ని డెడ్ స్టాక్ రిజిస్టరులో, అంటే సంస్థ ఆస్తుల జాబితాలో, ఎక్కించాలి. ఎక్కించాను. “పళ్లు, ముందరివి, పై వరుస, కలిపినవి: సెట్టు ఒకటి.” ఎక్కించాక నంబరు వేయాలి. మా డిపోలో కుర్చీలకీ, బీరువాలకీ, నీళ్ల కుండకీ కూడా నంబరు ఉంటుంది. పెయింటర్ని పిలిపిస్తే అతను సన్న కుంచె తెచ్చి, గవరయ్య నోరు తెరిపించి, “ముందేస్తే బాగా అవుపడతాది సార్” అన్నాడు. నేను బతిమాలి పళ్ల వెనక వేయించాను. ‘మై.ప. 37’, అంటే మైకు పరికరం ముప్ఫై ఏడు, ఎర్ర రంగు. గవరయ్య రెండురోజులు అన్నంలో పెయింటు వాసన వస్తోందన్నాడు.

ఆ తర్వాత గేటు దగ్గర మొదలైంది. సంస్థ వస్తువేదైనా డిపో దాటాలంటే గేట్ పాసు ఉండాలి. మా వాచ్‌మన్ అసిరినాయుడు రూలంటే ప్రాణమిచ్చే మనిషి. ఆ సాయంత్రం గవరయ్యను ఆపేశాడు.

“నువ్వెల్లొచ్చు గవరన్నా. పళ్లకి పాసేదీ?”

“పళ్లిక్కడొగ్గీసి నానెలాగెల్తానురా?”

“అది నాకెరిక నేదు. నువ్వు మడిసివి, నిన్నాపను. అది మాలు.”

రోజూ సాయంత్రం పాసు, రోజూ పొద్దున్న పాసు వాపసు. ఆదివారం సెలవు కనక శనివారం నాడు రెండు రోజుల పాసు. తోడల్లుడి కొడుకు పెళ్లికి సాలూరు వెళ్లాల్సి వస్తే, పరికరాన్ని జిల్లా హద్దు దాటించడానికి రీజనల్ మేనేజరుగారి అనుమతి కావాలన్నారు. అనుమతి వచ్చింది. వచ్చేసరికి ఆ పెళ్లికొడుక్కి కూతురు పుట్టింది.

ఇదంతా గవరయ్య భరించాడు. మైకు ఉంది కదా అని సరిపెట్టుకున్నాడు. ఇంతలో నిఘావారు దిగారు. దిగినవాళ్లు దొంగ టిక్కెట్లు పట్టుకోవడానికి దిగారు. అవి దొరకలేదు. మూడో ప్లాట్‌ఫారం దగ్గర గవరయ్య మొక్కజొన్న పొత్తు కొరుకుతూ దొరికాడు. ఫొటో తీశారు.

“సంస్థకు చెందిన ప్రకటన పరికరమును శ్రీ ఎం. గవరయ్య, అనౌన్సరు, సొంత పనికి, అనగా మొక్కజొన్న పొత్తు ఒలుచుటకు, దుర్వినియోగము చేసినట్లు గమనించడమైనది. ఏడు రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను.”

సంజాయిషీ నేనే రాసిపెట్టాను. తినకపోతే అనౌన్సరు నీరసపడతాడనీ, నీరసపడితే ప్రకటన వినబడదనీ, కనక తినడం పరికర నిర్వహణ కిందికే వస్తుందనీ వాదించాను. పైవారు సగం ఒప్పుకున్నారు. జీపులకు ఉన్నట్టే పళ్లకూ ఒక లాగ్ పుస్తకం పెట్టమన్నారు. ఎంతసేపు సంస్థ పని, ఎంతసేపు సొంత పని, ఏ రోజుకారోజు రాయాలి.

పెట్టాం. ‘ఉదయం 7.10, ఇడ్లీలు నాలుగు, సొంతం. 8.00 నుండి 12.30, ప్రకటనలు, సంస్థ. 12.40, అన్నం, చేప పులుసు, సొంతం.’ మొదటి నెల పుస్తకం పైకి పంపితే ఒక ప్రశ్న వేసి వెనక్కి కొట్టారు. “సాయంత్రం ఆరు నుండి రాత్రి పది వరకు ఉద్యోగి ఇంటి వద్ద మాట్లాడలేదా? మాట్లాడియున్నచో ఎంతసేపు, ఎవరితో, ఏ విషయమై?”

ఆ ప్రశ్న పట్టుకుని నేను వాళ్లింటికి వెళ్లాను. గవరయ్య భార్య పైడమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

“పెళ్లాంతోటి ఆడిన మాటలు కూడా రాయాలేటండీ మీ పుస్తకంలోన? ఏటని రాస్తారు? కూరలో ఉప్పెక్కువైనాదని అన్నాడు, రెండు నిమిషాలు, సొంతం, అనా?”

“అలాగే రాయాలమ్మా,” అన్నాను తల దించుకుని.

గవరయ్య వాదించలేదు. ఇంట్లో మాట్లాడటమే మానేశాడు. రాయడానికి ఏమీ లేకుండా చేసుకున్నాడు. చెయ్యి చూపితే మంచినీళ్లు, తల ఊపితే అన్నం. పైడమ్మ ఒకరోజు డిపోకొచ్చి నా బల్ల ముందు నిలబడి, “ఆరు నెలలై మా ఇంటిలోన మడిసి మాట నేదు బావూ. పళ్లు నేనప్పుడే నయం. ఊసులు ఇనబడీవి” అని వెళ్లిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, ఆ మందు వేసినవాణ్ణి నేను.

ఏడాది చివర ఆడిట్ వచ్చింది. ఆడిటరుగారు డాక్టరు బిల్లూ, మా రిజిస్టరూ పక్కపక్కన పెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

“పళ్లు నాలుగు. స్క్రూలు రెండు. మిగతా రెండు స్క్రూలు ఏమయ్యాయి?”

“అవి ఉండవండి. మధ్య పళ్లు రెండూ పక్కవాటికి అతుక్కుని ఉంటాయి.”

“కింద ఆధారం లేకుండా?”

“లేకుండానేనండి.”

“అలా ఎలా నిలుస్తాయయ్యా? ప్రతి పంటికీ దాని పునాది ఉండాలి. లేదా వాటిని విడదీసి, నాలుగు విడి వస్తువులుగా చూపించండి.”

షమీమ్‌గారికి ఫోను చేశాను. విడదీస్తే మధ్యవి రెండూ ఊడి చేతిలోకి వస్తాయని, తర్వాత మీ ఆడిటరుగారి పళ్లు కూడా ఒకసారి చూస్తానని ఆవిడ కటువుగా అన్నారు. మొదటి ముక్క మాత్రం నేను ఆడిటరుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. నేనూ ఆలోచించాను. చివరికి నేనే అన్నాను.

“అయ్యా, మన హెడ్డాఫీసులో సొంత పోస్టు లేకుండా, పక్క సెక్షన్ల ఆధారం మీద పనిచేసేవాళ్లు ఉన్నారు కదండీ. అలాగే ఈ మధ్య పళ్లు రెండూ డెప్యుటేషన్ మీద ఉన్నట్టు రాస్తే?”

ఆడిటరుగారి ముఖం విప్పారింది. ఆయన స్వయంగా అయిదేళ్లుగా డెప్యుటేషన్ మీద ఉన్నారు. అభ్యంతరం కొట్టేశారు. ఏటా మార్చిలో ఆ రెండు పళ్ల డెప్యుటేషన్ పొడిగించాలని మాత్రం షరతు పెట్టారు.

అసలు దెబ్బ తర్వాత పడింది. బస్టాండులన్నిటిలోనూ ఇక యంత్రమే ప్రకటనలు చేస్తుందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరో అమ్మాయి గొంతు, తేనెలో ముంచి తీసినట్టుంది. రెండేళ్ల కిందట రద్దయిన పార్వతీపురం బస్సు కూడా వచ్చి ఉన్నదని ఆ గొంతు ప్రేమగా చెబుతుంది. గవరయ్యను సామాన్ల గదికి మార్చారు. పాత ప్రకటన పరికరాలన్నీ వారంలోగా రీజనల్ స్టోరులో అప్పగించాలన్నారు. మైకు, యాంప్లిఫయరు, లౌడ్‌స్పీకర్లు, తీగలు, పళ్లు.

యంత్రం మాట నమ్మి మోసపోయిన జనం సామాన్ల గదికొచ్చి గవరయ్యనే అడిగేవాళ్లు. అతను ఉండబట్టలేక చెప్పేవాడు. “అప్పగింతకు సిద్ధముగా ఉంచవలసిన పరికరమును అనధికారికముగా వినియోగించుచున్నారు” అని ఇంకో మెమో వచ్చింది.

నేను మేనేజరుగారి దగ్గరికి వెళ్లాను. “పళ్లు వదిలేద్దాం సార్. మరిచిపోయినట్టు ఊరుకుందాం.”

“మీరే కదండీ పరికరమన్నారు,” అన్నారాయన నిర్మలంగా. “పరికరమైనప్పుడు ఒకలా, అప్పగించాల్సినప్పుడు ఒకలా మాట్లాడితే సంస్థ ఎలా నడుస్తుంది?”

ఎముక స్క్రూలను గట్టిగా పట్టేసిందనీ, తీస్తే దవడ పాడవుతుందనీ షమీమ్‌గారి చేత సర్టిఫికెట్ రాయించి పంపాను. అది ఎలా తిరిగిందో ఏమో, ఎస్టేట్ విభాగానికి చేరింది. ఎస్టేట్ ఆఫీసరు పరబ్రహ్మంగారు సంస్థ స్థలాల్లో లేచిన గుడిసెలు ఖాళీ చేయించే అధికారి. ఆయన దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది.

“సంస్థకు చెందిన రెండు స్క్రూల చుట్టూ శ్రీ గవరయ్య దవడ ఎముక అనుమతి లేకుండా పెరిగి, వాటిని ఆక్రమించుకున్నట్లు డాక్టరు ధ్రువపత్రము వలన తేటతెల్లమగుచున్నది. ఆక్రమణదారు పదిహేను రోజులలోగా ఖాళీ చేయవలెను. లేనిచో పోలీసు సహాయముతో ఖాళీ చేయించబడును.”

విచారణకు గవరయ్య, నేను, షమీమ్‌గారు వెళ్లాం. పరబ్రహ్మంగారు ఫైలు తెరిచి, “ఆక్రమణదారు చెప్పుకునేదేమైనా ఉందా?” అన్నారు.

గవరయ్య నోరు తెరిచాడు.

“ఆగండి! వివాదంలో ఉన్న ఆస్తిని విచారణ ముగిసేదాకా వాడకూడదు. యథాతథ స్థితి. ఏం చెప్పుకున్నా రాతలో చెప్పుకోండి.”

గవరయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. లక్షల మందిని సరైన బస్సెక్కించిన మనిషి, తన నోటి సంగతి తన నోటితో చెప్పుకోకూడదని విని, గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు.

షమీమ్‌గారు మాత్రం ఊరుకోలేదు. “స్క్రూలు తీయాలంటే ఎముక కోయాలి. అది నేను చేయను, ఇంకెవర్నీ చేయనివ్వను. పై తొడుగుల ముక్క అయితే పది నిమిషాల్లో మర విప్పి తీయొచ్చు. కానీ ఎందుకు తీయాలి? ఆ మనిషి దేంతో మాట్లాడతాడు?”

“ఆ విషయం మా విభాగం పరిధిలోకి రాదు,” అన్నారు పరబ్రహ్మంగారు. “తొడుగులు అప్పగిస్తే చాలు. స్క్రూలను భూగర్భ పైపులైనుగా పరిగణిస్తాం. ఏడాదికోసారి మా ఇంజనీరు వచ్చి తనిఖీ చేసుకునే హక్కు ఉంటుంది.”

గవరయ్య షమీమ్‌గారి వైపు తిరిగాడు. పరబ్రహ్మంగారు చెయ్యెత్తి ఆపబోతున్నా లెక్కచేయలేదు.

“ఇప్పీయమ్మా. ఎన్ని మాటలాడినానో రాసుకుంతా నాను బతకనేను.”

ఆవిడ తన ఆసుపత్రిలో గవరయ్యను కూర్చోబెట్టి మర విప్పారు. పళ్లు తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి కుళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

పళ్లను కవరులో పెట్టి, లక్క వేసి, స్టోరుకు పంపాను. పదో రోజున కవరు వెనక్కి వచ్చింది. పైన ఉత్తరం.

“మీరు పంపిన వస్తువును కమిటీ సమక్షమున పరీక్షించగా ఎట్టి ధ్వనియు వెలువడలేదు. వాడుకలో నుండి తొలగించిన పరికరములు పనిచేయు స్థితిలో మాత్రమే స్వీకరించబడును. కావున సదరు పళ్లను వాటికి సంబంధించిన నోటితో సహా స్టోరులో అప్పగించి, రసీదు పొందవలెను.”

ఆ ఉత్తరం తీసుకుని సాయంత్రం గవరయ్య ఇంటికి వెళ్లాను. వీధి మలుపులోనే గొంతు వినబడింది. సగం మాట, సగం గాలి. ఆ రోజు సామాన్ల గదిలో ఎవరో కోడిపుంజును సంచిలో పెట్టి వదిలేసి వెళ్లిన సంగతి చెబుతున్నాడు. పుంజు కూత కూడా కూశాడు. పైడమ్మ నవ్వి నవ్వి, “ఒగ్గీయండి, కడుపు నొప్పెడతంది” అంటోంది. నేను గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్లక తప్పలేదు.

ఉత్తరం చదివి వినిపించాను. పైడమ్మ నవ్వు ఆపేసింది. గవరయ్య కవరు అందుకుని, లోపలున్న పళ్లను ఒకసారి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

“పళ్లు సంస్థయి బావూ. ఇచ్చీసినాను. నోరు నాది. ఇవ్వనని రాసీయండి.”

అక్షరం పోకుండా నేనిక్కడ రాశాను గానీ, అతని నోట్లోంచి ఆ మాటలు సగం గాలిగానే వచ్చాయి. అయినా అంత స్పష్టంగా అతను మైకులో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడే జవాబు చిత్తు రాశాను. “ఉద్యోగి నోరు ఉద్యోగిదే అయినందున అప్పగించుటకు వీలుపడదు” అని. మేనేజరుగారు చదివి, బాగానే ఉంది గానీ ఏ నిబంధన కింద అన్నది పక్కన రాయమన్నారు. ఆయన అడిగింది న్యాయమే. అప్పట్నుంచీ పుస్తకాలన్నీ బల్ల మీద పరుచుకుని వెతుకుతున్నాను. మూడు నెలలైంది. ఇంకా దొరకలేదు.